మూసిన కిటికీని తెరిచిన వైద్యుడు

అది న్యూయార్క్ నగరం, 1865వ సంవత్సరం. ఒక ఇంట్లో అన్నకు క్షయ ముదిరిపోయింది. తమ్ముడికి అప్పుడు పదిహేడేళ్లు. చలిగాలి తగిలితే దగ్గు పెరుగుతుందని, కిటికీలు ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవొద్దని డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆ కుర్రాడు డాక్టరు మాట జవదాటలేదు. అన్నకు ఒళ్లు తుడిచాడు, మందులు పట్టించాడు, రాత్రిళ్లు అదే గదిలో, చాలాసార్లు అదే మంచం మీద పడుకున్నాడు. నెలల తరబడి అన్నదమ్ములిద్దరూ ఆ మూసిన గదిలో ఒకే గాలి పీల్చారు. ఆ ఏడాది డిసెంబరులో, అందరూ క్రిస్మస్ పండుగకు సిద్ధమవుతున్న రోజుల్లో, అన్న కన్నుమూశాడు. తమ్ముడి ప్రేమలో ఏ లోపమూ లేదు, సేవలోనూ లేదు. ఆ జబ్బు ఎలా అంటుతుందో లోకానికే తెలియని కాలమది. ప్రేమతో మూసిన ఆ కిటికీల వెనకే తనకూ క్షయ సోకిందని ఆ తమ్ముడికి చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు. అతని పేరు ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ ట్రూడో. అమెరికాలో క్షయ రోగుల గదుల కిటికీలు తెరిపించిన వైద్యుడిగా చరిత్రలో నిలిచింది ఆయనే!

ట్రూడో 1848 అక్టోబరు 5న న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి డాక్టరు, తల్లి తరఫు తాత కూడా డాక్టరే. తల్లిదండ్రులు విడిపోవడంతో తాతయ్య కుటుంబంతో పాటు పారిస్ వెళ్లి అక్కడే పెరిగాడు. అమెరికాకు తిరిగొచ్చాక నౌకాదళంలో చేరాలనుకున్నాడు. అన్న జబ్బుపడటంతో ఆ ఆలోచన మానుకుని మంచం పక్కన కూర్చున్నాడు. అన్న పోయాక కొంతకాలం ఏ దారీ తోచలేదు. ఆ పనీ ఈ పనీ చేసి చూసి, చివరికి 1868లో వైద్య కళాశాలలో చేరాడు. అతను చదువు పూర్తి చేస్తాడని స్నేహితులకే నమ్మకం లేదు. కానీ 1871లో డాక్టరై బయటికొచ్చాడు. అదే ఏడాది షార్లెట్ బేర్‌ను పెళ్లాడాడు. ఆమె ఒక ఎపిస్కోపల్ సంఘ కాపరి కూతురు. ఆ తర్వాత నలభై నాలుగేళ్ల పాటు భర్త జబ్బులోనూ, పనిలోనూ, దుఃఖంలోనూ తోడుగా నిలిచిన ధన్యురాలు ఆమె.

పెళ్లయి రెండేళ్లు తిరగకుండానే పిడుగు పడింది. జ్వరం వస్తూ పోతూ ఉండటంతో ట్రూడో న్యూయార్క్‌లోని ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఎడమ ఊపిరితిత్తిలో చాలా భాగాన్ని క్షయ పట్టేసిందని ఆయన తేల్చి చెప్పాడు. అది 1873. క్షయ అంటే ఆ రోజుల్లో మరణశిక్షే. అన్న ఎలా పోయాడో కళ్లారా చూసిన వాడికి ఆ మాట ఎలా వినపడి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. ఇంట్లో చిన్న పిల్లలు, చేతిలో అప్పుడే మొదలైన వృత్తి, వయసు పాతికేళ్లు కూడా నిండలేదు. దక్షిణాదికి వెళ్లి ఆరుబయట తిరుగుతూ గుర్రపు స్వారీ చేయమని సలహా ఇచ్చారు. వెళ్లి చేశాడు. జ్వరంతో ఉన్న శరీరం ఆ శ్రమకు తట్టుకోలేక మరింత కుంగిపోయింది.

ఇక బతకనని ట్రూడోకు అర్థమైంది. ఎలాగూ చావు తప్పనప్పుడు తనకు ఇష్టమైన చోట చనిపోదామనుకున్నాడు. న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన అడిరాండాక్ అనే కొండల ప్రాంతం ఉంది. సరస్సులు, దేవదారు అడవులు, వేటగాళ్లు తప్ప అక్కడ జన సంచారం తక్కువ. వేట అంటే ట్రూడోకు ప్రాణం. రైలు, పడవ, ఆపైన గుర్రపు బండిలో పరుపు మీద పడుకుని ఆ అడవిలోని పాల్ స్మిత్ అనే ఆయన నడిపే హోటలుకు చేరుకున్నాడు. మెట్లెక్కే శక్తి కూడా లేకపోతే అక్కడి మనిషి ఒకరు పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మేడ మీదికి తీసుకెళ్లాడు. చేతుల్లో మనిషి ఉన్నంత బరువే లేదట! అంతగా చిక్కిపోయాడు.

కానీ ఆ అడవిలో ఎవరూ అనుకోనిది జరిగింది. రోజంతా పడవలో మెత్తని కొమ్మల పరుపు మీద పడుకుని సరస్సు మీద తిరిగాడు. చల్లని గాలి పీల్చాడు. ఆకలి పుట్టింది, నిద్ర పట్టింది, జ్వరం తగ్గింది. వేసవి ముగిసేసరికి పదిహేను పౌన్ల బరువు పెరిగాడు. బాగైందనుకుని ఆ చలికాలం మిన్నెసోటాలో గడిపితే జబ్బు మళ్లీ తిరగబెట్టింది. మళ్లీ అడవికే వచ్చాడు. 1875 జనవరిలో భార్యనూ ఇద్దరు పసిపిల్లలనూ వెంటబెట్టుకుని మంచు తుఫానులో ప్రయాణించి ఆ మారుమూల చలికాలమంతా గడిపాడు. 1876లో దగ్గరలోని సరనాక్ లేక్ అనే చిన్న పల్లెలో కాపురం పెట్టాడు. చావడానికి వచ్చిన చోటే ఆయన బతకడం మొదలైంది.

పరిశుద్ధ గ్రంథం తెలిసిన వారికి ఇక్కడ ఏలీయా ప్రవక్త గుర్తొస్తాడు. చావు కోరుకుంటూ అరణ్యంలో బదరీ వృక్షం కింద పడుకున్న ఏలీయా దగ్గరికి దేవుడు దూతను పంపాడు. ఆ దూత ఏ ప్రసంగమూ చేయలేదు, ఎందుకు పారిపోయి వచ్చావని నిలదీయలేదు. అప్పమూ నీళ్లూ ఇచ్చి తినమన్నాడు. ప్రవక్త తిని మళ్లీ నిద్రపోతే నిద్రపోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. పెద్ద పని అప్పగించడానికి ముందు విశ్రాంతి, ఆహారం, నిద్ర! దేవుడు మనిషి ఆత్మనే కాదు, అలసిన దేహాన్ని కూడా చూస్తాడు. అడవిలో ట్రూడోకు దొరికినవి ఈ మూడే. ఆయన గొప్పతనమేమిటంటే, తనకు దొరికిన ఈ మేలు తన ఒక్కడితోనే ఆగిపోకూడదనుకోవడం!

1882లో రెండు విషయాలు ఆయన కంటబడ్డాయి. జర్మనీలో బ్రేమర్, డెట్‌వైలర్ అనే వైద్యులు క్షయ రోగులను కొండ ప్రాంతాల్లో శానటోరియంలో ఉంచి, గాలి, విశ్రాంతి, మంచి తిండితో చికిత్స చేస్తున్నారని ఒక వైద్య పత్రికలో చదివాడు. అదే ఏడాది మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ క్షయకు కారణమైన క్రిమిని కనుగొన్నానని ప్రకటించాడు. ట్రూడోకు జర్మన్ రాదు. ఫిలడెల్ఫియా స్నేహితుడొకరు కోచ్ వ్యాసాన్ని ఇంగ్లిషులోకి తర్జుమా చేయించి, చేత్తో రాసిన ప్రతిని క్రిస్మస్ కానుకగా ఇచ్చాడు. అంతకన్నా విలువైన కానుక ఆయన జీవితంలో మరొకటి లేదేమో! న్యూయార్క్ వెళ్లి ఆ క్రిమికి రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడటం నేర్చుకున్నాడు. సరనాక్ లేక్‌లోని తన ఇంట్లోనే ఒక చిన్న గదిని ప్రయోగశాలగా మార్చుకున్నాడు. కరెంటు లేదు, నీటి కొళాయి లేదు, బయట గడ్డకట్టే చలి. కిరసనాయిలు దీపంతో వేడి చేసే పెట్టెలో ఆ క్రిమిని పెంచగలిగాడు. అమెరికాలో ఆ పని సాధించిన తొలి వాళ్లలో ఆయన ఒకడు.

శానటోరియం కట్టాలంటే డబ్బు కావాలి. ట్రూడో దగ్గర లేదు. అడవికి వేటకొచ్చే సంపన్నులను జోలె పట్టినట్టు అడిగాడు. ఊళ్లోని పేద వేటగాళ్లు, దారి చూపే కూలీలు తమలో తాము చందాలు వేసుకుని పదహారు ఎకరాల నేల కొని ఆయనకు ఇచ్చారు. పక్షవాయువు గలవాడిని మంచంతో సహా మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి యేసుప్రభువు ముందు దించిన ఆ నలుగురు స్నేహితులు మనకు తెలుసు. రోగికి వైద్యుడి దగ్గరికి దారి లేనప్పుడు దారి చేసే మనుషులు కావాలి. అడిరాండాక్ కొండల్లో ఆ పని చేసింది ఈ వేటగాళ్లే. ఒక పుణ్యాత్మురాలు ఇచ్చిన కొద్దిపాటి డాలర్లతో అక్కడ మొదటి కుటీరం లేచింది. ఎర్ర రంగు వేసిన ఆ బుల్లి గదిని అందరూ లిటిల్ రెడ్ అని పిలిచారు. 1885లో అందులోకి వచ్చిన మొదటి రోగులు న్యూయార్క్ ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు అక్కచెల్లెళ్లు.

పేదలకు, కూలి చేసుకుని బతికేవారికి ఈ చికిత్స అందాలన్నది ట్రూడో పట్టుదల. ఉన్నవాళ్లు ఎక్కడికైనా వెళ్లగలరు, లేనివాళ్లు ఎక్కడికి పోతారు? అందుకే వారానికి అయిదు డాలర్లు మాత్రమే తీసుకునేవాడు. ఒక్కొక్కరికి అయ్యే ఖర్చు అంతకన్నా ఎక్కువే. ఆ తేడా పూడ్చడానికి బతికినంత కాలం దాతల తలుపులు తట్టాడు. శానటోరియంలో చేసిన పనికి జీతం పుచ్చుకోలేదు. రోగులందరినీ ఒకే పెద్ద భవనంలో కుక్కకుండా విడివిడి కుటీరాలు కట్టించాడు. జ్వరం ఉన్నంత కాలం కదలకుండా పడుకోవాలి. చలైనా వానైనా వసారాలో దుప్పట్లు కప్పుకుని బయటి గాలిలో ఉండాలి. వేళకు పాలు, గుడ్లు, మాంసం తినాలి. తెమడను కాగితపు గిన్నెల్లో ఉమ్మి కాల్చేయాలి. ఇదీ అక్కడి నియమావళి. ఏ అద్భుత ఔషధమూ లేని రోజుల్లో ఉన్నంతలో ఇదే వైద్యం.

అయితే ఈ నియమాలు నిజంగా పనిచేస్తాయా, లేక అది తన నమ్మకం మాత్రమేనా అని ట్రూడో తనను తానే ప్రశ్నించుకున్నాడు. క్రిమి ఒంట్లో చేరాక గాలి, తిండి ఏం చేయగలవని చాలామంది అడుగుతున్న కాలం అది. తేల్చుకోవడానికి ఆయన పదిహేను కుందేళ్లను తీసుకున్నాడు. అయిదింటికి క్షయ క్రిమిని ఎక్కించి, వెలుతురు లేని ఇరుకు చోట, చాలీచాలని తిండితో ఉంచాడు. మరో అయిదింటికి క్రిమిని ఎక్కించలేదు గానీ, నేలలో తవ్విన చెమ్మ గోతిలో, చీకట్లో, అరకొర మేతతో ఉంచాడు. చివరి అయిదింటికి క్రిమిని ఎక్కించి, సరస్సు మధ్యనున్న ఒక చిన్న దీవిలో వదిలేశాడు. అక్కడ వాటికి ఎండ, గాలి, కడుపునిండా మేత, పరుగెత్తడానికి చోటు అన్నీ ఉన్నాయి.

ఫలితం ఏమైంది? మొదటి గుంపులో నాలుగు కుందేళ్లు మూడు నెలల్లోనే చచ్చిపోయాయి, అయిదో దానికీ జబ్బు బాగా పాకింది. రెండో గుంపు చిక్కి శల్యమైంది కానీ దేనికీ క్షయ రాలేదు. దీవిలో వదిలిన గుంపులో ఒక్కటి చచ్చిపోయింది, మిగతా నాలుగూ ఆరోగ్యంగా తిరిగాయి. 1887లో ఆయన ఈ వివరాలను ఒక వైద్య పత్రికలో ప్రచురించాడు. అర్థమయ్యేలా చెప్పాలంటే, పేదరికమూ చీకటీ ఆకలీ వాటంతట అవే క్షయను పుట్టించలేవు, దానికి క్రిమి కావాలి. కానీ క్రిమి చేరాక మనిషి గెలుస్తాడా ఓడుతాడా అన్నది అతని ఒంటి బలం మీద, అతను బతికే చోటు మీద ఎంతో ఆధారపడుతుంది. విత్తనం ఒకటే అయినా నేలను బట్టి పంట మారుతుందని ప్రభువు చెప్పిన విత్తువాని ఉపమానం చదివిన వారికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఇక్కడ విత్తనం చెడ్డది. కాబట్టి దానికి చోటివ్వని నేలగా శరీరాన్ని కాపాడుకోవాలి.

ఇంకో సంగతి కూడా ట్రూడో దాచలేదు. జబ్బు మొదట్లోనే వచ్చిన వారికి బాగయ్యే అవకాశం ఎక్కువ, ఆలస్యంగా వచ్చిన వారికి తక్కువ. చోటు తక్కువ కాబట్టి ఎక్కువగా తొలిదశ రోగులనే శానటోరియంలో చేర్చుకున్నాడు. ముదిరిపోయిన వారు ఊళ్లోని ఇళ్లలో అద్దెకుంటూ చికిత్స పొందేవారు. తాను కూడా ఒకప్పుడు ఆ రెండో రకం రోగే కదా! తనలాంటి వాడినే గుమ్మం నుంచి వెనక్కి పంపాల్సి రావడం కన్నా కఠినమైన పని ఏముంటుంది? ఎవరినో ఒకరిని ఎంచుకోక తప్పని ఆ బాధ ఈనాటికీ చాలా ఆసుపత్రుల్లో డాక్టర్లకు తెలుసు. అందుకే వేళకు వైద్యుడి దగ్గరికి వెళ్లడమే సగం చికిత్స అన్న పాఠం ఆయన రోగుల లెక్కల్లోనే ఉంది.

1890లో కోచ్ క్షయకు మందు కనిపెట్టాడన్న వార్త ప్రపంచమంతా పాకింది. ట్యూబర్‌క్యులిన్ అనే ఆ ద్రవం కోసం జనం బెర్లిన్‌కు పరుగులు తీశారు. ట్రూడో ఆశతో దాన్ని తన రోగుల మీద వాడి చూశాడు. ఆశించిన ఫలితం కనిపించలేదు. కనిపించలేదనే రాశాడు. గొప్ప పేరున్న వారు చెప్పినా, రోగులు ఎంతగా ఆశపడినా, లేని స్వస్థతను ఉందని ఆయన చెప్పలేదు. సత్యం పలకడం కూడా సేవే! స్వస్థత పేరుతో జనాన్ని పోగుచేసే ఈ రోజుల్లో మనం దీన్ని కాస్త నెమ్మదిగా ఆలోచించాలి.

ఇంతమందికి ఊపిరి పోసిన ఇంట్లోకే క్షయ మళ్లీ ప్రవేశించింది. న్యూయార్క్‌లో చదువుకుంటున్న కూతురు షార్లెట్‌కు అదే జబ్బు సోకింది. తండ్రికి తెలిసిన వైద్యమంతా చేశాడు. కొండ గాలి, విశ్రాంతి, మంచి తిండి, తల్లిదండ్రుల ప్రేమ, ఏదీ తక్కువ కాలేదు. అయినా 1893లో ఆమె కన్నుమూసింది. ఆ ఏడాదే, ట్రూడో న్యూయార్క్‌లో జబ్బుపడి ఉండగా, ప్రయోగశాలలోని కిరసనాయిలు దీపం వల్ల మంటలు లేచి ఇల్లు, ప్రయోగశాల, ఏళ్ల తరబడి రాసుకున్న కాగితాలు అన్నీ బూడిదయ్యాయి. అంతకు ముందే ఒక పసిబిడ్డను పోగొట్టుకున్నారు. 1904లో, తండ్రిలాగే డాక్టరైన పెద్ద కొడుకు ఎడ్వర్డ్ న్యూమోనియాతో హఠాత్తుగా చనిపోయాడు. నలుగురు పిల్లల్లో మిగిలింది ఒక్క ఫ్రాన్సిస్.

యోబు కథ మనం ఆదివారం బడిలోనే నేర్చుకుంటాం. కానీ యోబులా బూడిదలో కూర్చోవడం ఎలా ఉంటుందో కూర్చున్న వాడికే తెలుసు. ట్రూడో దేవుణ్ణి వదల్లేదు, పనినీ వదల్లేదు. ఆ అడవి ప్రాంతంలో ఆరాధనకు చోటు లేనప్పుడు చందాలు పోగుచేసి దేవాలయాలు కట్టించిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. పాల్ స్మిత్ దగ్గర ఒక చిన్న చర్చి, సరనాక్ లేక్‌లో సెయింట్ లూక్స్ చర్చి అలా వచ్చినవే. వైద్యుడైన లూకా పేరిట వెలసిన ఆ చర్చికి వైద్యుడైన ట్రూడో ఆదివారం ఆదివారం వెళ్లాడు. అక్కడే దుఃఖం దించుకుని, సోమవారం మళ్లీ రోగుల కుటీరాలకు వెళ్లాడు. ఇల్లు కాలిపోయిన మరుసటి ఏడాదే, ఒక స్నేహితుడి సాయంతో, నిప్పంటుకోని రాతి ప్రయోగశాల లేచింది. అమెరికాలో క్షయ పరిశోధన కోసమే కట్టిన మొదటి ప్రయోగశాల అది. 1904లో దేశంలోని క్షయ నివారణ సంఘానికి ఆయన్ని మొదటి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆ సంఘమే నేడు అమెరికన్ లంగ్ అసోసియేషన్.

ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. ట్రూడోకు క్షయ ఎప్పుడూ పూర్తిగా నయం కాలేదు! జబ్బు తిరగబెట్టడం, మంచం పట్టడం, లేవడం, మళ్లీ పడటం, ఇలాగే నలభై రెండేళ్లు గడిచాయి. ఆరోగ్యం వచ్చాక సేవ చేద్దామని ఆయన ఎదురుచూసి ఉంటే ఆ సేవ ఎన్నటికీ మొదలయ్యేది కాదు. ఉన్న ఊపిరిలోనే పని చేశాడు. చివరి రోజుల్లో మంచం మీదనే తన జీవిత కథను పూర్తి చేసి, 1915 నవంబరు 15న, 67వ ఏట ప్రభువు నందు నిద్రించాడు. పాల్ స్మిత్‌లోని ఆ చిన్న చర్చి ఆవరణలోనే ఆయన సమాధి ఉంది. ఆయన చేతి మీదుగా చికిత్స పొందిన రోగులు చందాలు వేసుకుని 1918లో ఆయన విగ్రహం ప్రతిష్ఠించారు. వసారా కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న రోగి రూపంలోనే డాక్టరును చెక్కించారు. వైద్యుడూ ఆయనే, రోగీ ఆయనే కదా!

అదే కాలంలో మన నేల మీద కూడా ఇలాంటి దీపం వెలిగింది. 1910లలో, అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర పలు ప్రొటెస్టెంట్ మిషన్లు కలిసి క్షయ రోగులకు శానటోరియం కట్టాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి సారథి. ఆ చోటుకు పెట్టిన పేరే ఆరోగ్యవరం. మన తాతల తరంలో మదనపల్లె శానటోరియం పేరు వినని తెలుగు కుటుంబం ఉండేది కాదు. అక్కడికి వెళ్లి బాగై వచ్చిన వారు మన సంఘాల్లో ఎందరో ఉండేవారు.

ఆ తర్వాత కాలం మారింది. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. రోగి ఇంటి దగ్గరే ఉండి మందులు మింగితే చాలా, శానటోరియంలోనే ఉండాలా అన్న ప్రశ్న పుట్టింది. దీనికి జవాబు మన పొరుగునున్న మద్రాసులోనే దొరికింది. 1956లో అక్కడ మొదలైన పరిశోధనలో కొందరు పేద రోగులను శానటోరియంలో, కొందరిని వాళ్ల ఇళ్లలో ఉంచి ఒకే మందులు ఇచ్చారు. ఇంటి దగ్గరున్న వారికి తిండి తక్కువ, చోటు ఇరుకు, విశ్రాంతి లేదు. అయినా ఏడాది తర్వాత రెండు గుంపుల ఫలితాలూ ఇంచుమించు ఒకటే! మందులు క్రమం తప్పకుండా వాడటమే అసలు కీలకమని తేలింది. లోకమంతటా శానటోరియంలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ట్రూడో స్థాపించినది 1954లోనే మూతపడింది. ఆయన బతికి ఉంటే దానికి బాధపడేవాడు కాదు. రోగి ఇంటికి వెళ్లగలగడమే కదా ఏ వైద్యుడైనా కోరుకునేది!

అయితే ఆ కుందేళ్ల పాఠం పాతబడిందా? లేదు. జార్ఖండ్‌లో జరిగిన ఒక పెద్ద పరిశోధన 2023లో వెలువడింది. క్షయ రోగులకు మందులతో పాటు నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె వంటి సరుకులు ఇచ్చారు, కొన్ని కుటుంబాల్లో ఇంటిల్లిపాదికీ ఇచ్చారు. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలు బాగా తక్కువ. సరుకులు అందిన ఇళ్లలో మిగతా వారికి క్షయ సోకడం కూడా దాదాపు నలభై శాతం తగ్గింది. మందు క్రిమిని చంపుతుంది, అన్నం మనిషిని నిలబెడుతుంది. రెండూ కావాలి. మందు లేకుండా తిండి ఒక్కటే చాలదని మద్రాసు నేర్పితే, మందుంది కదా అని ఆకలిని మరచిపోవద్దని జార్ఖండ్ నేర్పింది.

క్షయకు ఈనాడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెమడ పరీక్ష ఉచితం, మందులు ఉచితం. మామూలు క్షయ ఆరు నెలల్లో నయమవుతుంది. అయినా మనుషులు ఎందుకు చనిపోతున్నారు? రెండు వారాలు దాటిన దగ్గును సిగ్గుతో దాచుకోవడం వల్ల, రెండు నెలలకే ఒళ్లు తేలికైందని మాత్రలు మానేయడం వల్ల, ఖాళీ కడుపు వల్ల, సారా, సిగరెట్ వల్ల, పట్టించుకోని షుగరు వల్ల. మధ్యలో మానేస్తే క్రిమి మొండిగా తయారై ఆ మందులకు లొంగదు. ఆస్తమా, పొగ వల్ల వచ్చే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బుల సంగతీ ఇంతే. కాస్త నెమ్మదించగానే పీల్చే మందు పక్కన పెట్టేవారు, నలుగురిలో వాడటానికి సిగ్గుపడేవారు మనలో ఎందరో! కట్టెల పొయ్యి పొగలో వంట చేస్తూ దగ్గే తల్లుల గురించి ఇంట్లో ఎవరికీ పట్టదు.

ప్రార్థన చేశాం కాబట్టి మాత్రలు అక్కర్లేదని చెప్పే వారి మాట విని ప్రాణం పోగొట్టుకున్న వారినీ మనం చూస్తున్నాం. ట్రూడో ప్రార్థించాడు, మైక్రోస్కోపులోనూ చూశాడు. ఆ రెండింటికీ ఆయన జీవితంలో ఏనాడూ గొడవ రాలేదు. స్వస్థత ఏ దారిన వచ్చినా ఇచ్చేవాడు దేవుడేనని నమ్మేవాడికి మాత్ర మింగడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

వచ్చే ఆదివారం ఆరాధనలో మన వెనక బెంచీలో ఎవరో ఆగకుండా దగ్గుతూ ఉండవచ్చు. మనం కాస్త పక్కకు జరిగి కూర్చుంటామా, ఆరాధన అయ్యాక పరీక్షకు తోడు వెళతామా? మాత్రలు మింగాడో లేదో రోజూ కనుక్కునే స్నేహితుడు, నెలకోసారి బియ్యం, గుడ్లు, పప్పు ఆ ఇంటికి చేర్చే స్త్రీల సమాజం, కిటికీలు బార్లా తెరిచిన చర్చి, ఆ రోగికి ఇవన్నీ చికిత్సలో భాగమే. పదిహేడేళ్ల ఆ కుర్రాడు తెలియక కిటికీ మూశాడు. తెలిశాక జీవితాంతం కిటికీలు తెరుస్తూనే ఉన్నాడు. మనకు అన్నీ తెలుసు. తెలిసీ మూసి ఉంచిన కిటికీలు మన ఇళ్లలో, మన సంఘాల్లో, మన మనసుల్లో ఎన్ని ఉన్నాయో ఈ వారం చూసుకుందాం!